పొగలేని యంత్రం

ఉగోయే చనిపోయిన పొద్దున ఆమె గోళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెదవులూ అంతే. నిద్రలో ఎవరో రంగు పూసి వెళ్ళినట్టు. పొద్దున్నే ఇంటికొచ్చిన భర్త ఒకొరోజి ఆ చేతుల్ని పట్టుకుని, ఇంకా బతికే ఉందని చాలాసేపు అనుకున్నాడు. ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి చూసి, ఇది పొగ తీసిన ప్రాణమని చెప్పింది. పొగ మింగి పోయినవాళ్ళ గోళ్ళూ పెదాలూ ఇలా ఎర్రబడతాయట. విషం తిన్నవాళ్ళకి ఇలా ఉండదట.

అమోగ్వు ఊళ్ళో కరెంటు పగలు రాదు. రాత్రిపూట కాసేపు వస్తుంది, అదీ దాని ఇష్టం. అందుకని ఇంటింటికీ ఒక చిన్న పెట్రోలు జనరేటరు ఉంటుంది. 'పక్కింటివాడికంటే నేనే నయం' అని జనం దానికి పెట్టుకున్న పేరు. ఆ రాత్రి వాన కురిసింది. బయట వదిలితే దొంగలు ఎత్తుకుపోతారని ఉగోయే దాన్ని లోపలి నడవాలోకి లాక్కుని, తలుపులు బిగించి, పడుకుంది. మళ్ళీ లేవలేదు. మర్నాడు సంత కావడంతో ఆ రాత్రి ఒకొరోజి కర్రపెండలం తురిమే తన మిల్లు దగ్గరే పడుకున్నాడు.

అదే అతని కొంప ముంచింది. పెళ్ళాం చచ్చిన రాత్రి మొగుడు ఇంట్లో లేడు. అంతకు ముందు సంతలో పదిమందిలో ఆమె మీద అరిచాడు. పిల్లలు లేరు. ఈ మూడింటినీ కలిపి కుట్టుకోవడానికి ఊరికి ఎంతో సేపు పట్టలేదు.

ఆడది చనిపోతే పుట్టింటి పెద్ద వచ్చి, చూసి, సరే అన్నాకే మట్టి. ఉగోయే పుట్టింటికి పెద్ద ఆమె అన్న ఒన్యేమా. దేశం సరిహద్దు దాటి డువాలా నగరంలో లారీ సామాన్లు అమ్ముతాడు. కబురు విని ఫోన్లో ఏడవలేదు. తను వచ్చేదాకా చెల్లెల్ని కడగొద్దన్నాడు. పూడ్చొద్దన్నాడు. శవం చెడకుండా ఎక్కించే సూదిమందు అసలే ఎక్కించొద్దన్నాడు. ఆ మందు పడితే విషం జాడ చెరిగిపోతుందని అతని నమ్మకం.

"ఎర్రగా ఉందంటున్నావుగా బావా," అన్నాడు. "ఎర్రగానే చూపించు. చూసి, నీ కాళ్ళు పట్టుకుని ఏడుస్తాను. నల్లగా చూపించావంటే మాత్రం నువ్వు నాకు బావవి కావు."

ఆమెని ఊళ్ళో మదుబుకో నడిపే శవాగారంలో చేర్చిన మర్నాడే ఊళ్ళో గంట కొట్టి నిషేధం చాటారు. కొత్త పెండలం పండుగకి ముందు ఏటా ఉండేదే అది. ఊరి పెద్ద కొత్త పెండలం ముక్క నోట పెట్టుకునేదాకా అమోగ్వు మట్టిలో గొయ్యి తవ్వరు. ఊరి దారుల మీద శవాన్ని మోయరు. ఒన్యేమా కూడా పండుగకే వస్తానన్నాడు. అప్పటిదాకా ఉగోయే ఆ మంచుగదిలో ఉండాలి. మందు లేదు. చలి ఒక్కటే ఆమెని కాయాలి. ఆ గోళ్ళు ఎర్రగా నిలిస్తే ఒకొరోజి ఊళ్ళో తలెత్తుకుని బతుకుతాడు. లేకపోతే పెళ్ళాన్ని చంపినవాడిగా బతుకుతాడు.

మదుబుకో దగ్గర ఒక పాత డీజిల్ జనరేటరు ఉండేది. దగ్గుతూ, మూలుగుతూ, నల్లటి పొగ కక్కుతూ మంచుగదిని నడిపేది. దాన్ని మార్చాలని మదుబుకో చాన్నాళ్ళుగా అనుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే చికేజీ దిగాడు.

చికేజీ అమోగ్వువాడే. లాగోస్‌లో పాలిటెక్నిక్‌కి వెళ్ళి మధ్యలో మానేశాడు. అయినా ఊరంతా ఇంజినీరు అనే పిలుస్తుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మైదానంలో తను తయారుచేసిన యంత్రం చూపించాడు. ఒక మోటారు పెద్ద ఇనప చక్రాన్ని తిప్పుతుంది. చక్రం కరెంటు పుట్టించే డబ్బాని తిప్పుతుంది. ఆ కరెంటులో కొంత మళ్ళీ మోటారుకే పోతుంది, మిగిలింది మనకి. మొదట బ్యాటరీతో ఒకసారి నిద్రలేపితే చాలు, ఆ తర్వాత పెట్రోలు వద్దు, డీజిల్ వద్దు, ఎండ కూడా వద్దు అన్నాడు. మీట నొక్కాడు. చక్రం తిరిగింది. దండలా కట్టిన బల్బులు పట్టపగలే వెలిగాయి. ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు.

అప్పుడు చికేజీ గొంతు తగ్గించాడు. "శబ్దం లేదు, పొగ లేదు. ఇది ఒక్క నెల ముందు పూర్తిచేసి ఉంటే మన ఉగోయే వదిన ఇవాళ ఇక్కడ మీ మధ్య కూర్చుని ఉండేది. ఆ పాపం నాది కూడా," అన్నాడు.

ఆడవాళ్ళు ముక్కులు చీదారు. ఒకొరోజి ఏడవలేదు. అతను చక్రాన్నే చూస్తున్నాడు. తన మిల్లులో ఒక బుట్ట కర్రపెండలం వేస్తే ఇంజను గొంతు మారుతుంది, టాంకులో పెట్రోలు తగ్గుతుంది. రెండు బుట్టలు వేస్తే ఇంకా తగ్గుతుంది. ఇది తెలియనివాళ్ళు ఆ మైదానంలో ఎవరూ లేరు. అందరికీ ఇంట్లో జనరేటరు ఉంది, అందరూ బంకు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడినవాళ్ళే. తెలిసే చప్పట్లు కొడుతున్నారు. అతనికి అంతుపట్టనిది అదొక్కటే.

"లేచింది కదా ఇంజినీరూ," అన్నాడు ఒకొరోజి. "ఇక ఆ బ్యాటరీ పీకెయ్."

చికేజీ నవ్వాడు. "బిడ్డ పుట్టగానే తల్లిని చంపుకుంటామా అన్నా?"

జనం గొల్లుమన్నారు.

"పాలు మానే వయసు ఎప్పుడొస్తుందో చెప్పు. ఆ రోజు వచ్చి చూస్తా."

నవ్వు ఆగిపోయింది. ఊరి పెద్ద ఎగ్వాటు తన నల్లకర్ర నేలకి ఆనించి, వెనక్కి కూడా తిరగకుండా, "ఒకొరోజీ, కూర్చో," అన్నాడు. "మన పిల్లాడు పైకొస్తుంటే నీకెక్కడ మండుతోంది? నీ ఇంట్లో దీపం ఆరిందని ఊళ్ళో దీపాలన్నీ ఊదేస్తావా?"

ఫాదర్ యంత్రం మీద పవిత్రజలం చల్లాడు. మదుబుకో అక్కడికక్కడే బేరం కుదుర్చుకున్నాడు. వారం తిరక్కుండా డీజిల్ జనరేటరు ఇనప సామాన్లవాడి బండి ఎక్కి వెళ్ళిపోయింది.

ఒకొరోజి రోజూ మిల్లు కట్టేసి శవాగారానికి వెళ్ళేవాడు. లోపలికి రానివ్వరు. బయట నిలబడి మంచుగది గోడ మీద అరచెయ్యి ఆనించేవాడు. మొదట్లో గోడ చల్లగానే ఉంది. నిజం చెప్పాలంటే డీజిల్ రోజుల్లోకంటే చల్లగా ఉంది. మదుబుకో కిటికీలోంచి చూసి, "తృప్తి అయిందా? ఇంకా అనుమానమేనా?" అనేవాడు. ఒకొరోజి చెయ్యి తీసి ఇంటిదారి పట్టేవాడు. గోడ చల్లగా ఉన్నందుకు సంతోషించాలో భయపడాలో అతనికే తెలియలేదు.

కొన్నాళ్ళకి ఒక తేడా పట్టుకున్నాడు. రాత్రి ఊళ్ళో కరెంటు వచ్చిపోతే మర్నాడు గోడ చల్లగా ఉంటుంది. రాత్రి కరెంటు రాకపోతే మర్నాటి సాయంత్రానికి గోడ మామూలు గోడ అయిపోతుంది. ఇది మళ్ళీ మళ్ళీ జరిగింది. ఒకనాడు మదుబుకో శవాలబండి దించే హడావుడిలో ఉండగా ఒకొరోజి యంత్రం గదిలోకి దూరాడు. చక్రం నింపాదిగా తిరుగుతోంది. దాని వెనక తాళం వేసిన ఒక చెక్కపెట్టె ఉంది. గోడమీద ఊరి లైను స్విచ్చు ఉంది. ఆ స్విచ్చు కిందనుంచి ఒక లావుపాటి నల్ల వైరు గోడ వెంబడే దిగి పెట్టెలోకి పోయింది. పెట్టె మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

మదుబుకో వచ్చి చూసి మండిపడ్డాడు. ఒకొరోజి తను చూసింది చెప్పాడు. ఈ చక్రం ఆడించేది కాదు, ఆట బొమ్మ. మంచుగదిని నడిపేది ఈ పెట్టెలోని బ్యాటరీలు. అవి రాత్రి ఊరి కరెంటు తాగుతున్నాయి. ఒక రాత్రి స్విచ్చు ఆపి చూస్తే నీకే తెలుస్తుంది అన్నాడు.

మదుబుకో గుమ్మానికి అడ్డంగా నిలబడి చేతులు కట్టుకున్నాడు. "అది పిడుగు పడకుండా వేసిన వైరని ఇంజినీరు చెప్పాడు. నీ మాటే నిజమైతే, ఇదిగో స్విచ్చు. నువ్వే ఆపు. లోపల ఉన్నది నీ పెళ్ళామే కదా."

ఒకొరోజి స్విచ్చు మీద చెయ్యి వేశాడు. ఆపితే తన మాట నిజమని తేలుతుంది, ఉగోయే చెడిపోతుంది. ఆపకపోతే ఊళ్ళో వెర్రివాడిగా మిగులుతాడు, ఆమె నిలుస్తుంది. ఎప్పుడూ ఎవరి దగ్గరా తన మాట తప్పని ఒప్పుకోని మనిషి. సంతలో ఆమె మీద అరిచింది కూడా తన మాటే నెగ్గాలని. ఆ గదిలో నిలబడి, తను చూసిందంతా తప్పైపోవాలని, చికేజీయే గెలవాలని కోరుకున్నాడు. చెయ్యి దించేశాడు.

"చూశావా," అన్నాడు మదుబుకో.

ఒకొరోజి అక్కణ్ణించి నేరుగా ఎగ్వాటు ఇంటికి వెళ్ళాడు. ఉగోయేని పట్నం ఆసుపత్రి శవాగారానికి మార్చనివ్వమని అడిగాడు. అక్కడ రెండు డీజిల్ ఇంజన్లు ఉన్నాయి. కావాలంటే ఊరి దారి మీద కాకుండా పొలాల మధ్యనుంచి మోసుకుపోతానన్నాడు. ఎగ్వాటు ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాదగా ఇచ్చే కోలా కాయ చీల్చి ఒక ముక్క ఇచ్చాడు గాని, ఆ మాటకి మాత్రం తల అడ్డంగా ఊపాడు. నిషేధంలో శవం కదిలితే ఆ ఏడాది పెండలం కుళ్ళిపోతుంది. ఒక్కడి అనుమానం కోసం ఊరి పంట పణం పెట్టడు. పైగా శవాన్ని మారిస్తే యంత్రం పనికిరాదని ఊరే చాటినట్టవుతుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ యంత్రం కోసం అప్పుడే వచ్చి అడుగుతున్నారు.

"పండుగ ఎంతో దూరం లేదు, ఓర్చుకో," అన్నాడు.

పండుగ ఇంకో వారం ఉందనగా గాలివాన వచ్చింది. మిల్లు దగ్గర ఉన్న ఒకొరోజికి ట్రాన్స్‌ఫార్మర్ పేలిన చప్పుడు వినిపించింది. ఊరంతా ఒక్కసారిగా ఆరిపోయింది. అతను వానలోనే పరిగెత్తాడు. శవాగారం కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి. చక్రం తిరుగుతోంది. వాకిట్లో చికేజీ, మదుబుకో, ఇంకో పదిమంది నవ్వుకుంటూ నిలబడ్డారు.

"రా అన్నా, రా," అన్నాడు చికేజీ. "ఊరంతా చీకటి. ఇదొక్కటే వెలుగు. ఇప్పుడైనా నమ్ముతావా?"

"రేపు అడుగు," అన్నాడు ఒకొరోజి.

మర్నాడు మధ్యాహ్నానికి చక్రం బరువెక్కింది. సాయంత్రానికి ఆగిపోయింది. ఎంత నిద్రలేపినా లేవలేదు. చికేజీ చెక్కపెట్టె తాళం తియ్యలేదు. మూత మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని, ఈ యంత్రానికి ఏదో తగిలిందన్నాడు. చెడు మనసుతో ఎవరైనా దీని దగ్గరికి వచ్చారా అని అడిగాడు. మదుబుకోకి అప్పుడు గుర్తొచ్చింది. ఒకొరోజి గదిలో దూరాడు, పెట్టె మీద చెయ్యి పెట్టాడు, స్విచ్చు ఆపబోయాడు. తను సమయానికి వచ్చాడు గనక సరిపోయింది అన్నాడు. చెప్పేకొద్దీ ఆ కథ పెరిగింది. సందు చివరికి చేరేసరికి ఒకొరోజి పెట్టెలో ఏదో పోశాడని కూడా అయింది. చికేజీ ఒక సామాను తెస్తానని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఒకొరోజి మాత్రం మంచు మోశాడు. ఇళ్ళలో ఉన్న చిన్న జనరేటర్లు ఆ మంచుగదిని లాగలేవు. అమోగ్వులో చేపలమ్మేవాళ్ళ దగ్గర కూడా మంచు లేదు. పట్నం వెళ్ళి, దిమ్మలు కొని, రంపపు పొట్టు వేసి గోనెసంచుల్లో చుట్టి బస్సు మీద వేసుకొచ్చేవాడు. దారిలో పోలీసులు ఆపినచోటల్లా సంచులు కారేవి. శవాగారానికి చేరేసరికి సగం నీళ్ళు. మిగిలిన సగాన్ని ఆమె చుట్టూ పేర్చేవాడు. ఇప్పుడు లోపలికి రావద్దని ఎవరూ అనడం లేదు. ఎవరూ ఆ గదిలోకి వెళ్ళడం లేదు. మిగతా శవాలకి సూదిమందు ఉంది. చెడిపోతున్నది ఆమె ఒక్కతే.

మదుబుకో తలుపు బయటే నిలబడి, మందు ఎక్కించేద్దామన్నాడు. ఇప్పటికైనా ఎక్కిస్తే ఉన్నదైనా నిలుస్తుంది అన్నాడు. ఒకొరోజి చాలాసేపు ఆలోచించాడు. మందు ఎక్కిస్తే మొహం కొంత నిలుస్తుంది. ఒన్యేమా మాత్రం సూది గుచ్చిన చోటే చూస్తాడు. ఏం దాచావని అడుగుతాడు. వద్దన్నాడు. ఆ రాత్రి దాటాక గోళ్ళ చివర్లు రంగు మారాయి. ముందు ఊదా. తర్వాత ఆకుపచ్చ. పండుగ ముందు రోజుకి ఆ చేతుల్లో ఎర్రనేది లేదు.

పండుగ పొద్దున ఎగ్వాటు కొత్త పెండలం ముక్కని తాటినూనెలో అద్దుకుని నోట పెట్టుకున్నాడు. తుపాకులు పేల్చారు. ఆ మధ్యాహ్నమే ఒన్యేమా తన ఊరి ఆడవాళ్ళతో, తమ్ముళ్ళతో వచ్చాడు. శవాన్ని ఒకొరోజి వాకిట్లో అరటాకుల మీద దించారు. జనం ముక్కులకి గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. ఒన్యేమా పెట్టుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చెల్లెలి చేతిని తిప్పి గోళ్ళు చూశాడు. పెదవులు చూశాడు. మళ్ళీ గోళ్ళు చూశాడు.

"ఎర్రగా ఉందన్నావు," అన్నాడు.

ఒకొరోజి జరిగింది చెప్పాడు. యంత్రం, బ్యాటరీలు, ట్రాన్స్‌ఫార్మర్, మంచు. నర్సుని పిలిపించాడు. నర్సు తను చూసింది చెప్పింది. ఒన్యేమా అంతా విన్నాడు. తర్వాత తలెత్తి, ఇతను చెప్పింది నిజమేనా అని ఊరిని అడిగాడు. ఎగ్వాటు మదుబుకో వైపు చూశాడు. మదుబుకో నేల వైపు చూశాడు.

"యంత్రం బాగానే నడిచింది," అన్నాడు మదుబుకో చివరికి. "ఇతను గదిలోకి వచ్చేదాకా."

పుట్టింటి ఆడవాళ్ళు తెర కట్టి ఉగోయేని కడిగారు. ఆ నీళ్ళు ఒక రేకు గిన్నెలో పట్టారు. ఒన్యేమా ఆ గిన్నె తెచ్చి ఒకొరోజి ముందు పెట్టాడు. పాత పద్ధతి అది. చాలా ఊళ్ళలో మానేశారు, ఫాదర్లు తిట్టి మాన్పించారు. అడిగే హక్కు మాత్రం పుట్టింటికి ఉంది. చంపినవాడు తాగితే ఆ నీళ్ళు అతణ్ణి పట్టుకుని ప్రాణం తీస్తాయి, చంపనివాణ్ణి ఏమీ చెయ్యవు. తాగనంటే చెల్లెల్ని బండిలో వేసుకుపోయి తండ్రి నేలలో పూడ్చుకుంటారు. ఆమె సమాధి దగ్గరికి రావడానికి కూడా ఒకొరోజికి దారి ఉండదు.

అతను గిన్నెలోకి చూశాడు. తినకుండా తిరిగే చక్రాన్ని నమ్మినట్టే, నిజం చెప్పే నీళ్ళనీ వీళ్ళు నమ్ముతున్నారు. ఈ నీళ్ళకి ఏమీ తెలియదు. ఇవి కుళ్ళిన నీళ్ళు, అంతే. తాగితే జ్వరం రావచ్చు, చావు రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. ఏది వచ్చినా దానికీ ఉగోయే చావుకీ సంబంధం ఉండదు. అది ఈ వాకిట్లో చెప్పినా వినేవాడు లేడు. ఆమెని ఈ నేలలో ఉంచుకోవాలంటే ఇదొక్కటే దారి.

గిన్నె ఎత్తి తాగాడు. సగం తాగి ఆగాడు. కడుపులోంచి తన్నుకొచ్చినదాన్ని మళ్ళీ మింగాడు.

చికేజీ జనం వెనక కొత్త బట్టల్లో నిలబడి ఉన్నాడు. పండుగకని తిరిగొచ్చాడు. ఒకొరోజి జనాన్ని తోసుకుంటూ అతని దగ్గరికి వెళ్ళి గిన్నె చాపాడు.

"నీ యంత్రం కాపాడిన మనిషిని కడిగిన నీళ్ళు," అన్నాడు. "నీ వాటా ఉంచాను. తాగు."

చికేజీ ఒక అడుగు వెనక్కి వేశాడు. "అన్నా, నాకేం సంబంధం? వదిన నాకు..." అని ఆగిపోయాడు.

ఒకొరోజి చెయ్యి దించలేదు. ఒన్యేమా అటు చూశాడు. "ఎవరితను?" అని అడిగాడు. అతని గొంతులో మొదటిసారి ఏదో సందేహం తొంగిచూసింది. చుట్టూ ఉన్నవాళ్ళకి జవాబు తెలుసు. ఒక్కరు చెబితే చాలు. ఎవరూ చెప్పలేదు. ఎగ్వాటు వచ్చి ఒకొరోజి చేతిలోంచి గిన్నె మెల్లగా తీసుకుని, నీళ్ళు ఇంటి వెనక పారబోశాడు.

"అతను తాగేశాడు. చాలు," అన్నాడు. "పండుగ పూట గొడవలొద్దు. గొయ్యి తవ్వండి."

గొయ్యి తవ్వడానికి ఊరి కుర్రాళ్ళెవరూ ముందుకి రాలేదు. ఒకొరోజే తవ్వాడు. మధ్యలో రెండుసార్లు పక్కకి వెళ్ళి కక్కుకున్నాడు. వెనకనుంచి ఎవరో, నీళ్ళు పట్టుకున్నాయి అప్పుడే, అన్నారు. అతను తిరిగొచ్చి పార అందుకున్నాడు. ఆమె మీద ఆఖరి మట్టి వేసేసరికి చీకటి పడుతోంది. ఊళ్ళో కరెంటు ఇంకా రాలేదు. చర్చి మైదానం వైపు మాత్రం బల్బుల దండ వెలిగింది. కొత్త బ్యాటరీ వచ్చిందట. చప్పట్లు వినిపించాయి.